వలయాలు శనికి మాత్రమేనా?

సంపాదకుడు గారికి,

గత ఆదివారం మీ పిల్లల పేజీ క్విజ్‌లో ‘వలయాలు ఉన్న గ్రహం ఏది?’ అని అడిగి గురుడు, శని, యురేనస్, నెప్ట్యూన్ అని నాలుగు ఆప్షన్లు ఇచ్చారు. జవాబు శని అన్నారు. నిజానికి నాలుగూ సరైనవే. మీ ఒక్క పత్రికలో వచ్చిన పొరపాటే అయితే ఇంత ఉత్తరం రాసేవాణ్ని కాదు. పోటీ పరీక్షల గైడ్లలోనూ ఇదే ప్రశ్న, ఇదే జవాబు కనిపిస్తుంటాయి. బట్టీ పట్టినవాడికి మార్కు పడుతుంది, విషయం తెలిసినవాడికి టెన్షన్ మిగులుతుంది.

శని వలయాల్లో ఉన్నది దాదాపు అంతా మంచే కాబట్టి అవి మెరుస్తాయి, చిన్న టెలిస్కోపుకూ దొరుకుతాయి. గురుడివి పలచటి ధూళి వలయాలు. 1979లో అమెరికా వ్యోమనౌక వాయేజర్-1 దగ్గరికి వెళ్లి ఫొటో తీసేదాకా బయటపడలేదు. నెప్ట్యూన్ సంగతి 1989లో వాయేజర్-2 తేల్చింది.

యురేనస్ కథలో మనవాళ్లూ ఉన్నారు. 1977 మార్చి 10న ఆ గ్రహం ఒక నక్షత్రానికి అడ్డంగా వచ్చింది. గ్రహం ఇంకా కప్పకముందే నక్షత్రం వెలుగు కొన్నిసార్లు తగ్గి, వెంటనే మళ్లీ పెరిగింది. హిందూ మహాసముద్రం మీద విమానంలోంచి చూస్తున్న అమెరికా బృందం అవి వలయాలని గుర్తించింది. అదే రాత్రి తమిళనాడులోని కావలూరు టెలిస్కోపులోనూ వెలుగు తగ్గడం నమోదైంది. ఆ అబ్జర్వేటరీని నెలకొల్పిన ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు హైదరాబాద్‌లో పెరిగి, నిజాం కాలేజీలో చదివినవారు. క్విజ్‌కి ఇంతకన్నా మంచి ప్రశ్న ఏముంటుంది?

‘ప్లూటో చిన్నది కాబట్టి గ్రహం కాదు’ అని కూడా అదే పేజీలో రాశారు. 2006లో ప్రాగ్‌లో అంతర్జాతీయ ఖగోళ సంఘం చేసిన నిర్వచనంలో ఇన్ని కిలోమీటర్లు ఉండాలన్న షరతేమీ లేదు. సూర్యుడి చుట్టూ తిరగాలి, సొంత గురుత్వాకర్షణతో గుండ్రపు ఆకారం తెచ్చుకోవాలి, తన కక్ష్య పరిసరాల్లో తనదే పెత్తనం కావాలి. ఈ మూడోది కుదరకే ప్లూటో మరుగుజ్జు గ్రహాల్లో చేరింది. సెరెస్, ఎరిస్, హౌమియా, మాకేమాకే కూడా అంతే. ఇవన్నీ రాయి, మంచు కలిసిన గట్టి పదార్థాలే. గురుడు, శని అలా కాదు. ఎక్కువ భాగం హైడ్రోజన్, హీలియమే, కాలు మోపడానికి నేలే లేదు. గురుడి ద్రవ్యరాశి భూమికి 318 రెట్లు. ప్లూటో అడ్డకొలతేమో 2,377 కిలోమీటర్లు, మన చందమామకన్నా తక్కువ.

అయినా వలయాలు పెద్ద గ్రహాలకే రాసిపెట్టి లేవు. కోడిగుడ్డులా సాగి, నాలుగు గంటల్లోపే తన చుట్టూ తాను తిరిగే హౌమియాకు దాదాపు 70 కిలోమీటర్ల వెడల్పున్న వలయం ఉందని 2017లో తెలిసింది. అదీ నక్షత్రానికి అడ్డు వచ్చినప్పుడే! శని, యురేనస్ కక్ష్యల మధ్య తిరిగే, సుమారు 250 కిలోమీటర్ల అడ్డకొలత ఉన్న చారిక్లో అనే చిన్న ఖగోళ వస్తువైతే మరుగుజ్జు గ్రహం కూడా కాదు, దానికి రెండు వలయాలు. ప్లూటో దగ్గర 2015లో న్యూ హొరైజన్స్ వ్యోమనౌక వలయాల కోసం వెతికింది కానీ ఏమీ కనబడలేదు.

‘చిన్న టెలిస్కోపుతోనూ వలయాలు కనిపించే గ్రహం ఏది?’ అని అడిగితే శని ఒక్కటే జవాబవుతుంది, పేచీ ఉండదు. గైడ్లు అచ్చేసేవాళ్లూ ఈపాటి మార్పు చేసుకోవచ్చు. మీరు సవరణ వేస్తే దయచేసి అదే పిల్లల పేజీలో వేయండి. ఎడిటోరియల్ పేజీ మూలన వేస్తే మాలాంటి పెద్దవాళ్లే చదువుతారు.

— ఒక రిటైర్డ్ ఫిజిక్స్ టీచర్, ఖమ్మం