గ్రౌట్ రాక 19 రోజులుగా ఆగిపోయిన మా సైట్ గురించి ఫిర్యాదు

సప్లై విభాగం మేనేజర్ గారికి,

నమస్కారం. మీ ఫ్యాక్టరీలో పోసిన ప్రీకాస్ట్ గోడలు, స్లాబులతో కడుతున్న అపార్ట్‌మెంట్‌కి నేను సైట్ ఇంజనీర్ని. ఫోన్లో ఎన్నిసార్లు చెప్పినా పని జరగలేదు, అందుకే రాసి పంపుతున్నాను.

నాలుగో అంతస్తు గోడలు నిలబెట్టి 19 రోజులైంది. గోడలు వచ్చాయి, క్రేన్ ఉంది, మనుషులున్నారు, రానిది స్లీవుల్లోకి, అంటే కడ్డీ దూరేలా గోడలో పెట్టి పోసిన గొట్టాల్లోకి, ఎక్కించాల్సిన గ్రౌట్ (నీళ్లు కలిపితే గట్టిపడే సిమెంటు మిశ్రమం) ఒక్కటే. అది పడకపోతే కింది అంతస్తు కడ్డీకీ పై గోడకీ పట్టు దొరకదు, పట్టు లేని గోడకి తాత్కాలికంగా ఆసరా పెట్టిన ప్రాప్స్ తియ్యలేం, దాని మీద స్లాబు ఎక్కించలేం. ఇటుక పనిలో ఒక సామాను రాకపోతే మరో మూల ఏదో ఒక పని చేయించుకుంటాం. ఇక్కడ ఆ వీలు లేదు. ఇంత జరుగుతుంటే మీ ఫ్యాక్టరీ పోత మాత్రం ఆపలేదు, ఐదో అంతస్తు ప్యానెళ్లు వస్తూనే ఉన్నాయి, నిలబెట్టడానికి రాక్‌లు ఖాళీ లేక రెండు ట్రైలర్లు వెనక్కి పంపాం. మొన్న రాత్రి గాలి గట్టిగా వీస్తే, ప్రాప్స్ ఆధారంతోనే నిలబడిన ఆ గోడల్ని చూస్తూ నేనూ మా సూపర్‌వైజరూ తెల్లారేదాకా టెన్షన్‌తో కూర్చున్నాం.

దీనికి మీవాళ్లు చెప్పిన ఉపాయం ఏమిటంటే, బజార్లో దొరికే ఏదో ఒక నాన్ ష్రింక్ (గట్టిపడేటప్పుడు కుంచించుకుపోని) గ్రౌట్ పోసెయ్యమని. నేను ఒప్పుకోలేదు, ఒప్పుకోను కూడా. స్లీవునీ గ్రౌట్‌నీ కలిపే పరీక్షిస్తారు, ఆ జతకే ఆ బలం. 1968లో లండన్‌లో 22 అంతస్తుల రోనన్ పాయింట్ భవనంలో 18వ అంతస్తులో గ్యాస్ పేలితే ఒక మూల మొత్తం కింది దాకా కూలి నలుగురు చనిపోయారు. ప్యానెళ్లను కలిపే జాయింట్లలో తగినంత పట్టు లేకపోవడం వల్లే ఒక గోడ పోతే మిగతావి నిలవలేదు. జాయింట్ దగ్గర సర్దుకుపొమ్మని మీవాళ్లు అంత తేలిగ్గా ఎలా అనగలిగారో నాకు అర్థం కాలేదు.

అసలు తప్పు ఎక్కడ జరిగిందో చెప్తాను. ఒకే తయారీదారు స్లీవుల్ని గోడలో పెట్టి పోసిన రోజే మనం ఆ ఒక్కరి గ్రౌట్‌కి కట్టుబడిపోయాం. ఆ సంగతి తెలిసి కూడా మీరు పోతకి ముందే గ్రౌట్ తెప్పించి పెట్టుకోలేదు. సిమెంటు, స్టీలు లాంటి పెద్ద సరుకు మీద రోజూ కన్నేసి ఉంచారు గానీ బస్తాల్లో వచ్చే ఈ చిన్న సరుకుని ఎవరూ పట్టించుకోలేదు. ఓడ ఆలస్యమైందన్నారు, నిజమే కావచ్చు. 2021 మార్చిలో ఒక్క ఓడ అడ్డం పడితే సూయెజ్ కాలువ ఆరు రోజులు మూతపడింది, అది చూశాక కూడా దారి ఎప్పుడూ తెరిచే ఉంటుందనుకుని ప్లాన్ వేస్తే ఎలా?

కాబట్టి ఇక నుంచి ఏ అంతస్తు ప్యానెళ్లు పంపినా దానికి సరిపడా గ్రౌట్, ఎత్తు సరిచేసే షిమ్‌లు, స్లాబు ఆనేచోట పెట్టే బేరింగ్ ప్యాడ్లు ముందే సైట్‌కి చేరాలి, అవి చేరాకే ట్రైలర్ బయలుదేరాలి. గ్రౌట్‌కి గడువు తేదీ ఉంటుంది, ఒకేసారి గుట్టలు పోసి పెట్టమనట్లేదు, పాతది ముందు వాడుతూ ఒక అంతస్తుకి సరిపడా ఎప్పుడూ నిల్వ ఉంచండి చాలు. ఇప్పటికే పోసిన గోడల స్లీవులకి సరిపోయే రెండో గ్రౌట్‌ని ఇప్పుడే పరీక్ష చేయించి, ఆ రిపోర్టు మా డిజైన్ ఇంజనీర్‌కి పంపండి. పరీక్షకి రోజులు పడతాయి, సరుకు అయిపోయాక మొదలుపెడితే లాభం లేదు. ఆలస్యం అవుతుందని మీకు తెలిసిన రోజే మాకూ చెప్పండి, క్రేన్ తెప్పించుకున్నాక కాదు.

నాలుగో అంతస్తు గ్రౌట్ ఏ తేదీన బయలుదేరుతుందో, బ్యాచ్ నంబర్, గడువు తేదీతో సహా ఈ వారంలోపు రాతపూర్వకంగా తెలియజేయండి. అది అందేదాకా ఐదో అంతస్తు ప్యానెళ్లు దింపించుకోను.

ఇట్లు,
సైట్ ఇంజనీర్