ఫైబర్ ఫోన్ పెట్టించుకునేవారు అడగాల్సింది స్పీడు కాదు

సంపాదకులకు నమస్కారం.

"నెలకు 399 రూపాయలకే ఇంటర్నెట్, ల్యాండ్‌లైన్ ఫ్రీ" లాంటి ప్రకటనలు ఈమధ్య పత్రికల్లోనూ, కరెంటు స్తంభాల మీదా తెగ కనిపిస్తున్నాయి. వాటిలో పెద్దక్షరాల్లో ఉండేది స్పీడు. పాత రాగి తీగ ల్యాండ్‌లైన్ మూగబోయాక, ఇంట్లో పెద్దవాళ్లకు ఫోన్ ఉండాలని ఫైబర్ పెట్టించుకునేవాళ్లు కూడా ఆ అంకెను చూసే ప్లాన్ తీసుకుంటున్నారు. ఫోన్‌కు స్పీడుతో దాదాపు పనే లేదు. పని ఉన్న సంగతులు ప్రకటనల్లోకి రావు. ఫైబర్ లైన్ల పని తెలిసినవాళ్లం కాబట్టి వాటిని మీ పాఠకుల ముందు పెడుతున్నాం.

ల్యాండ్‌లైన్ కాల్‌లో మాటను సెకనుకు 64 కిలోబిట్ల చొప్పున పంపుతారు. ఫైబర్‌లో ఆ మాటను ముక్కలుగా చేసి, ఇంటర్నెట్ పద్ధతిలో ప్రతి ముక్కకూ చిరునామా తగిలించి పంపాలి కాబట్టి అది 87 కిలోబిట్ల దాకా పెరుగుతుంది. వెళ్లే మాటకు అంత, వచ్చే మాటకు అంత. గంటసేపు మాట్లాడినా ఖర్చయ్యే డేటా 80 ఎంబీ లోపే. 30 ఎంబీపీఎస్ ప్లాన్‌లో ఒక కాల్‌కు పట్టేది మూడు వందల వంతుల్లో ఒక వంతు. నెల డేటా కోటా అయిపోయి స్పీడు 1 లేదా 2 ఎంబీపీఎస్‌కు పడిపోయినా కాల్‌కు ఢోకా లేదు. మాట తెగడానికి కారణాలు వేరు: ముక్కలు దారిలో పోవడం, ఆలస్యంగా చేరడం. ఒక వైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటితే ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి ఒకేసారి ఆగుతుంటారు. 300 ఎంబీపీఎస్ ప్లాన్‌కు మారినా ఆ జబ్బు నయం కాదు.

ఇక డబ్బు సంగతి. 399కి 18 శాతం జీఎస్టీ కలిపితే 470 రూపాయల 82 పైసలు, ఏడాదికి సుమారు 5,650. డిపాజిట్ ఎంత, వైరింగ్ చార్జీ ఎంత, మోడెం (ఓఎన్‌టీ అనే పెట్టెను అందరూ అలాగే అంటారు) మన సొంతమా, మానేసేటప్పుడు తిరిగి ఇచ్చేయాలా అన్నవి విడిగా అడగాలి. "ల్యాండ్‌లైన్ ఫ్రీ" అన్నచోట చాలావరకు ఉచితం నంబరూ, కాల్సే. సెట్ మనమే కొనుక్కోవాలి. ఏడాది సొమ్ము ఒకేసారి కడితే ఇన్‌స్టలేషన్ ఉచితం అంటారు, నిజమే. కానీ మీ వీధిలో లైన్ తెగితే ఎవరు వస్తారో, ఎన్నాళ్లకు వస్తారో తెలియకుండా ఏడాది డబ్బు ముందే ఇచ్చేయడం తొందరపాటు. ముందు ఒక నెలో, మూడు నెలలో చూడండి. కంపెనీ పేరు కన్నా లైన్‌మన్ ముఖ్యం.

2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సంస్థ ఏపీ ఫైబర్ మొదట్లో 149 రూపాయలకే టీవీ, ఇంటర్నెట్, ఫోన్ మూడూ ఇచ్చింది. చాలామంది మనసులో ఇప్పటికీ ఆ ధరే ఉంది. ఆ రోజులు పోయాయి.

ఇంట్లో ఇంటర్నెట్ వాడేవాళ్లే లేకపోతే? పల్లెటూళ్లో పెద్దావిడ ఒక్కరే ఉంటే? అప్పుడు అసలు ఫైబరే వద్దని మా సలహా. సిమ్ వేసుకునే టేబుల్ ఫోన్లు బజార్లో దొరుకుతాయి. చూడ్డానికి ల్యాండ్‌లైన్‌లా ఉంటాయి, పెద్ద అంకెలు, లోపల సొంత బ్యాటరీ. 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఇచ్చిన ఆదేశంతో మొబైల్ కంపెనీలు డేటా లేకుండా కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్లాన్లు తెచ్చాయి. వచ్చినప్పుడు వాటి ఖర్చు దాదాపు ఏడాదికి రెండు వేల లోపే. ఫైబర్‌కు పెట్టేదానిలో మూడో వంతు. ఇంట్లో సిగ్నల్ ఉండాలి, అంతే.

ఫైబర్ తీసుకుంటే మొదట తేల్చుకోవాల్సింది కరెంటు. రాగి తీగ ఫోన్‌కు కరెంటు ఎక్స్ఛేంజి నుంచే వచ్చేది. అక్కడ 48 వోల్టుల బ్యాటరీలుండేవి. అందుకే తుపానులో ఊరంతా చీకటైనా ఫోన్ మోగేది. ఫైబర్ గాజు తీగ, అందులో వెలుగే తప్ప కరెంటు రాదు. ఇంట్లో కరెంటు పోతే మోడెం ఆగుతుంది, ఫోన్ చచ్చిపోతుంది. అత్యవసర నంబరు 112కు చేయాల్సిన అవసరం అప్పుడే రావొచ్చు.

దీనికి మందు 12 వోల్టుల మినీ యూపీఎస్, అంటే కరెంటు పోయినా మోడెంను నడిపే చిన్న బ్యాటరీ పెట్టె. కొనేముందు మోడెం అడాప్టర్ మీద ఏముందో చదవండి. 12 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉండొచ్చు, 1.5 ఉండొచ్చు, 2 కూడా ఉండొచ్చు. యూపీఎస్ అంతకు తక్కువ ఇవ్వకూడదు. తక్కువైతే మోడెం వెలిగి, వైఫై మొదలవగానే ఆగి, మళ్లీ వెలుగుతుంటుంది. జనం మోడెం పాడైందనుకుంటారు. పిన్ను సైజు కూడా సరిపోవాలి. డబ్బా మీద 8,800 ఎంఏహెచ్ అని చూసి మోసపోవద్దు. అది లోపలి సెల్‌కు 3.7 వోల్టుల దగ్గర వేసిన లెక్క. 8.8ని 3.7తో గుణిస్తే 32.5 వాట్‌అవర్లు. మోడెం 8 వాట్లు తింటే, వోల్టేజి మార్పిడిలో పోయేది పోగా వచ్చేది మూడు, మూడున్నర గంటలు. చాలా మోడెంలకు పక్కన వైఫై బటన్ ఉంటుంది. కరెంటు పోయినప్పుడు దాన్ని ఆపేస్తే మరికొంతసేపు లాగొచ్చు, ఫోన్‌కు వైఫై అక్కర్లేదు కాబట్టి.

ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో ఇంకో తిరకాసు. ఫ్యాన్లు, లైట్లకు సరిపోయే మామూలు మోడ్‌లో పెడితే కరెంటు మారేటప్పుడు క్షణకాలం ఖాళీ వస్తుంది. ఆ క్షణానికే మోడెం రీస్టార్టయి మళ్లీ కలవడానికి రెండు మూడు నిమిషాలు తీసుకుంటుంది. ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే అందులో పెట్టండి. కార్డ్‌లెస్ ఫోన్ బేస్‌కు మళ్లీ విడిగా కరెంటు కావాలి. కనీసం ఒక్కటైనా వైరున్న సెట్ ఉంచుకోండి.

మన ఇంట్లో అన్నీ ఉన్నా వీధిలో కరెంటు పోతే? ఇది లైన్‌మన్‌ను సూటిగా అడగాలి: "ఇంటి దాకా ఫైబరేనా, లేక పక్క అపార్ట్‌మెంట్‌లో స్విచ్ (కనెక్షన్‌ను పంచే పెట్టె) పెట్టి అక్కణ్నుంచి లాన్ వైరా (రాగి నెట్ కేబులా)?" ఇంటి దాకా ఫైబరైతే మధ్యలో ఒక తీగలోని వెలుగును పలు ఇళ్లకు పంచే స్ప్లిటర్‌కు కరెంటు అక్కర్లేదు, కంపెనీ సెంటర్‌లో బ్యాకప్ ఉంటే చాలు. లాన్ వైరైతే ఆ స్విచ్ ఉన్న బిల్డింగులో కరెంటు పోయినప్పుడల్లా మీ ఫోన్ కూడా పోతుంది, మీ యూపీఎస్ అలంకారమే. హైదరాబాద్ పాత అపార్ట్‌మెంట్లలో ఈ లాన్ వైర్లు ఇంకా ఉన్నాయి. (కోతుల బెడదకు, కరెంటు వాళ్లు కొమ్మలు కొట్టేటప్పుడు తెగే తీగలకు ఏ ప్లాన్‌లోనూ మందు లేదు.)

వైరింగ్‌లో జరిగే పెద్ద పొరపాటు మరొకటుంది. మోడెం వెనక ఫోన్, టెల్ లేదా పాట్స్ అని రాసిన చిన్న సాకెట్ ఉంటుంది. పై గదిలో కూడా ఫోన్ మోగాలని, ఆ సాకెట్ నుంచి వైరు తీసి ఇంట్లో పాత ల్యాండ్‌లైన్ వైరింగ్‌లో కలుపుతారు. కలపొచ్చు. కానీ ముందు బయటి నుంచి వచ్చే రాగి తీగను రోజెట్ (గోడ మీద ఫోన్ తీగలు కలిసే చిన్న డబ్బా) దగ్గర పూర్తిగా విప్పేయాలి. ఆ తీగలో ఎక్స్ఛేంజి వోల్టేజి ఇంకా ఉంటే, లేదా పిడుగుపాటు దాని గుండా వస్తే, మోడెంలో ఫోన్ భాగం కాలిపోతుంది. ఇంటర్నెట్ బాగానే వస్తుంటుంది, ఫోన్‌లో మాత్రం డయల్‌టోన్ ఉండదు. విప్పేశాక రెండు మూడు సెట్ల దాకా మోగుతాయి. ఇంకా పెడితే బెల్లు నీరసిస్తుంది.

పాత సెట్లతో వచ్చే చిన్న చిక్కులు: వేలితో తిప్పే డయల్ ఫోన్‌ను చాలా మోడెంలు గుర్తించవు. బటన్ల ఫోనైతే అడుగున స్విచ్ టోన్ వైపు ఉండాలి. కాలర్ నంబరు కనిపించకపోతే, మోడెం ఆ నంబరును ఎఫ్‌ఎస్‌కే అనే పద్ధతిలో పంపుతుండగా సెట్ డీటీఎంఎఫ్ అనే మరో పద్ధతికి తయారైనదై ఉండొచ్చు. కొత్త సెట్ కొనేటప్పుడు డబ్బా మీద రెండూ ఉన్నాయో లేదో చూసుకోండి. "లోకల్ వెళ్తోంది, సెల్‌కు వెళ్లడం లేదు" అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం సున్నా. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి ఏ సెల్‌కు చేసినా ముందు 0 నొక్కాలి.

మంచి వైఫై కావాలని సొంత రూటర్ కొనుక్కున్నవాళ్లు కంపెనీ మోడెంను తీసి అటక మీద పెట్టొద్దు. ఫోన్ ఆ మోడెం నుంచే వస్తుంది, అదే తీగలో ఇంటర్నెట్‌తో కలవకుండా విడిగా పెట్టిన దారిలో. పిల్లలు సినిమా చూస్తున్నా ఫోన్‌లో మాట తెగనిది అందుకే. సెల్‌లో కంపెనీ ఆప్ వేసుకుని ల్యాండ్‌లైన్ నంబరుతో మాట్లాడేవాళ్లకు మాత్రం ఈ సుఖం లేదు. అక్కడ వైఫై ఎంత బాగుంటే మాట అంత బాగుంటుంది. ఆ ఆప్ ఇల్లు దాటితే పనిచేస్తుందో లేదో కూడా అడగండి.

నంబరు సంగతి ముందే ఆలోచించుకోవాలి. 2011 జనవరి నుంచి దేశమంతా కంపెనీ మారినా నంబరు మారకుండా ఉండే సౌకర్యం సెల్‌కే, ల్యాండ్‌లైన్‌కు లేదు. బ్యాంకుల్లో, గ్యాస్ ఏజెన్సీలో, పెళ్లి శుభలేఖల్లో పాతికేళ్లుగా ఉన్న బీఎస్ఎన్ఎల్ నంబరు నిలుపుకోవాలంటే అదే సంస్థ ఫైబర్‌కు మారాలి, పాత నంబరే కావాలని దరఖాస్తులోనే రాయించాలి. ప్రీపెయిడ్ ప్లాన్ అయితే, గడువు దాటి చాలాకాలం రీఛార్జ్ చేయకపోతే నంబరు వేరేవాళ్లకు పోవచ్చు. అమెరికాలో పిల్లలున్నవాళ్లకు ఒక మాట: వాట్సాప్ కాల్ ల్యాండ్‌లైన్‌కు రాదు. వాళ్లు దీనికి చేస్తే ఐఎస్‌డీ కాల్ కిందే లెక్క. ఇక్కణ్నుంచి మీరు చేయాలంటే ఐఎస్‌డీ తెరిచి ఉందో లేదో, నిమిషానికి ఎంతో కనుక్కోండి. "అన్‌లిమిటెడ్" అన్న మాట దేశం లోపలికే.

ఫోన్ పనిచేయనప్పుడు కాల్‌సెంటర్‌కు "నెట్ రావట్లేదు" అనొద్దు. మోడెం లైట్లు చూసి చెప్పండి. లాస్ (LOS) అని రాసిన లైటు ఎర్రగా కొట్టుకుంటుంటే తీగ తెగింది, లేదా ఎక్కడో బాగా మడతపడింది. మంచం కోడు కింద నలిగిందేమో చూడండి. పాన్ (PON) అని రాసిన లైటు నిలకడగా పచ్చగా ఉండి, ఫోన్ లైటు ఒక్కటే వెలగకపోతే తీగ బాగానే ఉంది, ఫోన్ నంబరు సర్వర్‌లో నమోదు కాలేదు. అది కంపెనీ ఆఫీసులో కూర్చుని సరిచేసే పని, లైన్‌మన్ కోసం రెండు రోజులు ఎదురుచూడనక్కర్లేదు. లైట్లన్నీ వెలుగుతున్నా డయల్‌టోన్ లేకపోతే సెట్‌ను నేరుగా మోడెంకే పెట్టి చూడండి. అక్కడ వస్తే లోపం ఇంటి వైరింగ్‌లో.

ఫిర్యాదు చేసిన ప్రతిసారీ డాకెట్ నంబరు (ఆ ఫిర్యాదుకు ఇచ్చే నంబరు) అడిగి రాసుకోండి. తేల్చకపోయినా, తేల్చిన తీరు నచ్చకపోయినా 30 రోజుల్లోగా అదే కంపెనీ అప్పిలేట్ అథారిటీకి అప్పీలు చేసుకోవచ్చు, దానికి ఫీజు లేదు. అప్పీలుకు కూడా ఆ డాకెట్ నంబరే ఆధారం. ఈ ప్రకటనలు వేసే కంపెనీలను, కరెంటు పోతే ఫోన్ ఆగుతుందన్న ఒక్క వాక్యం స్పీడు పక్కనే అదే సైజు అక్షరాల్లో వేయమని మీ పత్రిక అడగాలని కోరుతున్నాం.

ఇట్లు,
ఫైబర్ లైన్ల పనిలో ఉన్న కొందరు పాఠకులు,
గుంటూరు