పేరు చెప్పకుండా వెళ్ళిపోయిన ఆ అంకుల్‌కి
డల్లాస్ దగ్గర చిన్న ఎయిర్‌పోర్ట్‌లో రాబిన్సన్ ఆర్22 అనే చిన్న హెలికాప్టర్ పక్కన నిలబడి నాతో మాట్లాడిన తెలుగు అంకుల్, మీకు చాలా చాలా థ్యాంక్స్ అండీ. ఐటీ జాబ్ మానేసి హెలికాప్టర్ పైలట్ అవుతానంటే ఇంట్లో అందరూ పిచ్చా అన్నారు, మీరు మాత్రం ముందు సెకండ్ క్లాస్ మెడికల్ (పైలట్లకి చేసే ఆరోగ్య పరీక్ష) చేయించుకో, పాసయ్యాకే డబ్బులు కట్టు, అదీ ఒకేసారి మొత్తం వద్దు అన్నారు చూడండి, దానివల్లే బతికిపోయా, ఎందుకంటే నేను చేరిన మొదటి ఫ్లయింగ్ స్కూల్ మధ్యలోనే మూసేశారు. ఇంకోటి, హోవర్‌లో, అంటే గాల్లో ఒకేచోట నిలిపేటప్పుడు, ముక్కు ముందు నేల చూడకు, దూరంగా చెట్ల వైపు చూడు, సైక్లిక్‌ని (హెలికాప్టర్‌ని అటూ ఇటూ వంచే కర్ర) గట్టిగా పట్టుకోకు అన్నారు. అప్పటిదాకా హెలికాప్టర్ ఉయ్యాలలా ఊగేది (మా ఇన్‌స్ట్రక్టర్‌కి పాపం ఎంత ఓపికో), అలా చేశాకే నిలబడింది. కమర్షియల్ పైలట్ లైసెన్స్‌కి కావాల్సిన 150 గంటల ఫ్లయింగ్ అయిపోయింది, చెక్‌రైడ్ (లైసెన్స్ కోసం పెట్టే ఫ్లయింగ్ పరీక్ష) కూడా పాసయ్యా. ఈసారి కనిపిస్తే కాఫీ నాదే అంకుల్!