నీలం డబ్బాలో ఉన్న షిమ్

భీమవరం,
ఆదివారం సాయంత్రం

చిన్నీ,

నువ్వు పంపిన మూడు వాయిస్ మెసేజ్‌లూ విన్నాను. మూడిట్లోనూ ఉన్నది ఒకటే: "అమ్మా, ఆ బార్ నా స్కూటర్‌కి పడుతుందా లేదా, తొందరగా చెప్పు." తొందరగా చెప్పమంటే, ఆ హ్యాండిల్ బార్ నీ స్టంట్ స్కూటర్‌కి పడదు. కానీ అక్కడితో వదిలేస్తే నువ్వు నాన్న దగ్గరికి వెళ్తావు, ఆయన ఏ రబ్బరు ముక్కో చుట్టి ఎలాగోలా బిగించేస్తారు. అందుకే ఈ ఉత్తరం. ఫోన్లో చెబితే మధ్యలోనే "ఓకే ఓకే" అనేస్తావు. కాగితంతో ఆ ఆటలు సాగవు. ఆదివారం తెలుగు బడికి ఇన్నేళ్లు తిప్పినందుకు ఇదైనా చదువు. అర్థం కాని మాటలు నాన్నని అడుగు.

అమ్మమ్మ మోకాలు నయంగానే ఉంది. నిన్న వాకర్ పట్టుకుని వాకిట్లో తులసికోట దాకా నడిచింది. నిలబడి కాలితో తోసుకుంటూ తొక్కే నీ స్కూటర్ ఫొటో చూపిస్తే అద్దాలు పెట్టుకుని మరీ చూసి, "దీనికి సీటేదే?" అంది. సీటూ లేదు, బ్రేకు కూడా వెనక చక్రం మీద రేకే అంటే, నిన్నొక్క మాట అనకుండా నన్ను తిట్టింది.

సరే, విషయానికొస్తాను. నీ ఫ్రెండ్ అమ్ముతానంటున్న బార్ స్టీలుది, కింద స్లిట్, అంటే నిలువు చీలిక, ఉంది, బయటి వ్యాసం 34.9 మిల్లీమీటర్లు. ఇప్పుడు నీ స్కూటర్ మీద ఉన్నది 31.8. ఈ మూడు మిల్లీమీటర్ల తేడానే కదా, బార్‌ని చుట్టూ పట్టి బిగించే క్లాంప్ పెద్దది కొనేస్తే సరిపోతుంది అనుకుంటున్నావు. సరిపోదు. ఎందుకో తెలియాలంటే ముందు ఒక ప్రశ్నకి జవాబు చెప్పు. ముందు చక్రాన్ని పట్టుకునే నీ ఫోర్క్ తిరిగే చోట పైనొకటి, కిందొకటి బేరింగులున్నాయి కదా, వాటిని ఎవరు నొక్కి పట్టుకుంటున్నారు?

క్లాంప్ అంటావు, నాకు తెలుసు. కాదు. రోకలికి పొన్ను ఎలాగో బార్‌కి మామూలు క్లాంప్ అలాగ. చుట్టూ పట్టుకుంటుంది, అంతే. కిందికి నొక్కదు. నొక్కే పని కంప్రెషన్ బోల్టుది. పార్కులో పిల్లల్ని ఎంతమందినో చూశాను. ముందు చక్రం టకటకమంటే చాలు, అలెన్ కీ తీసి క్లాంప్ బోల్టులు తిప్పేస్తారు. మోత తగ్గదు, ఇంకా తిప్పుతారు, ఆఖరికి మరలు పోతాయి. మోత వచ్చేది బేరింగుల దగ్గర, బిగించేది ఇంకో దగ్గర. రిపేరీ అంతా దండగ.

మీరు హెచ్‌ఐసీ, ఐహెచ్‌సీ, ఎస్‌సీఎస్, ఐసీఎస్ అని గడగడా చదివేస్తారే, ఆ కంప్రెషన్ పద్ధతుల పేర్లన్నిటికీ అర్థం ఒకటే: బేరింగుల్ని నొక్కే పని ఏ ముక్కకి అప్పజెప్పాం అని. అలా చూస్తే తికమక ఉండదు.

ఐసీఎస్‌లో ఆ పని బార్‌దే. స్టార్ నట్, అంటే గొట్టం లోపల బిగుసుకుని బోల్టుని పట్టే నట్, బార్ లోపల ఉంటుంది, పొడుగాటి బోల్టు ఫోర్క్ అడుగు నుంచి పైకి వచ్చి బార్‌ని కిందికి లాగుతుంది. బరువు తక్కువే, కానీ వదులైన ప్రతిసారీ ముందు చక్రం ఊడదీయాలి. మనకొద్దు.

హెచ్‌ఐసీలో ఫోర్క్ గొట్టానికి షిమ్ అనే పల్చటి తొడుగు వేస్తారు. గొట్టం బయటి వ్యాసం 28.6. తొడుగు వేశాక దాదాపు 31.8 అవుతుంది. దాని మీదికి ఓవర్‌సైజ్ బార్, అంటే బయట 34.9 ఉండేది, దిగుతుంది. పైనున్న టాప్ క్యాప్ షిమ్‌ని నొక్కుతుంది, షిమ్ హెడ్‌సెట్‌ని, అంటే ఆ బేరింగుల సెట్టుని, నొక్కుతుంది. బార్‌కి ఆ గొడవతో సంబంధమే లేదు, ఊడదీసినా కంప్రెషన్ అలాగే ఉంటుంది. నాకు అన్నిటికన్నా నచ్చిన పద్ధతి ఇదే. చిన్నప్పుడు మా పాలేరు గొడ్డలికి కామ వదులైతే సందులో పల్చటి చెక్కముక్క దిగ్గొట్టేవాడు. షిమ్ చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

ఐహెచ్‌సీ కూడా ఇదే ఆలోచన, కాకపోతే బయట 31.8 ఉండే బార్‌లో షిమ్‌తో సహా పట్టేలా ఫోర్క్ గొట్టాన్నే పైన సన్నంగా చేస్తారు. ఇప్పుడు నీ దగ్గరున్నది ఇది. అంటే నీ ఫోర్క్ పై భాగం మామూలు ఫోర్కుల కన్నా సన్నం, దాని షిమ్ కూడా దానికి తగ్గట్టు చిన్నది. దాని మీదికి 34.9 బార్ దించితే గొట్టానికీ బార్‌కీ మధ్య సందు మిగులుతుంది. ఎంత పెద్ద క్లాంప్ వేసినా గాలిని పట్టుకుంటుంది. నేను మొదట్లోనే పడదన్నది అందుకు.

ఇక ఎస్‌సీఎస్ నీకు నేను చెప్పక్కర్లేదు, పోయినేడాది గరాజ్‌లో మనిద్దరం మూడు వారాంతాలు దానితోనే కాపురం చేశాం. ఎత్తుగా లావుగా ఉండే క్లాంప్. కింది సగం ఫోర్క్‌ని, పై సగం బార్‌ని పట్టుకుంటుంది. ఇందులో మాత్రం కంప్రెషన్ బోల్టు బిగిస్తే బేరింగుల్ని నొక్కేది క్లాంపే. స్లిట్ లేని బార్ కావాలి. గట్టిది, కానీ బరువు. పైగా బార్ ఫోర్క్ మీదికి దిగకుండా పైనే నిలబడుతుంది కాబట్టి హ్యాండిల్ ఎత్తు పెరుగుతుంది.

అసలు ఆ మూడు వారాంతాల తప్పు నాది. నీకు అప్పుడు సరిగ్గా చెప్పలేదు. షాపు వాడు తప్పు సామాను ఇచ్చాడన్నట్టు మాట్లాడాను. వాడు నేను అడిగిందే ఇచ్చాడు. ఆ అల్యూమినియం బార్ తెచ్చినప్పుడు నేను పాలిటెక్నిక్ నాటి నా వెర్నియర్ తీసి, గొప్పగా బయట కొలిచి, 34.9 వచ్చింది, ఓవర్‌సైజ్, హెచ్‌ఐసీ పడుతుంది అని తీర్పు చెప్పేశాను. లోపల కొలవలేదు. మెకానికల్ డిప్లొమా చేసినదాన్ని, వర్క్‌షాప్‌లో రెండేళ్లు గొట్టాలు కొలిచినదాన్ని, లోపల కొలవలేదు! అల్యూమినియం స్టీలంత గట్టిది కాదు కాబట్టి గోడ మందంగా పెడతారు. బయట 34.9 ఉన్నా లోపల 28.6 దగ్గరే ఉంటుంది. ఫోర్క్ దానంతటదే సరిపోతుంది, షిమ్‌కి చోటెక్కడ? హెచ్‌ఐసీ కిట్ ప్యాకెట్ చింపేశాం కాబట్టి షాపులో వెనక్కి తీసుకోలేదు. తర్వాత ఎస్‌సీఎస్ కొన్నాం, స్లిట్ ఉన్నంత మేర కోయాలని నాన్న హ్యాక్‌సా పట్టారు, కోత వంకరపోయింది, బార్ అడుగు సమంగా కూర్చోక దిగినప్పుడల్లా టక్కుమనేది. ఆకురాయితో నువ్వు ఎంతసేపు అరగదీశావో. అప్పుడే చెప్పాల్సింది, ఇప్పుడు చెబుతున్నాను.

అయితే ఆ తప్పు ఇప్పుడు మనకి కలిసొస్తుంది, విను.

గరాజ్‌లో పైఅరలో నీలం బిస్కెట్ డబ్బా ఉంది, నా సూదీదారం డబ్బా అనుకుని నువ్వెప్పుడూ తెరవవు. అందులో ఆ హెచ్‌ఐసీ కిట్ ఉంది: షిమ్, టాప్ క్యాప్, బోల్టు, స్టార్ నట్. నీ పాత స్కూటర్ ఫోర్క్ 28.6 గొట్టం, దాన్నే కొత్త స్కూటర్‌కి వేద్దాం. నీ ఫ్రెండ్ బార్ స్టీలు కాబట్టి గోడ పల్చగా ఉండాలి, లోపల దాదాపు 31.8 ఉండాలి. ఉండాలి అంటున్నాను, ఉంది అనట్లేదు. డబ్బులివ్వకముందే వెర్నియర్ పట్టుకెళ్లు. పైనుండే చిన్న కొక్కేలు లోపలి వ్యాసం కొలవడానికే, బయటికి తెరిచి పట్టుకుని చూడు. వీలైతే షిమ్ కూడా జేబులో వేసుకెళ్లి నేరుగా బార్‌లోకి దూర్చి చూడు. చేత్తో నెడితే దిగాలి, గలగలలాడకూడదు. స్లిట్ పైకొస దగ్గర సన్నటి పగులేమైనా పాకిందా, అడ్డబార్ అతికిన వెల్డు దగ్గర పెయింట్ చిట్లిందా అని ఎండలో తిప్పితిప్పి చూడు. ఫ్రెండే కదా అని మొహమాటపడకు. స్లిట్ పొడవు కూడా చూడు, క్లాంప్ బిగించాక అది క్లాంప్ కిందే దాగిపోవాలి, పైకి తొంగిచూడకూడదు.

తర్వాత పాత ఫోర్క్. నాకున్న పెద్ద టెన్షన్ ఇక్కడే. పాత స్కూటర్ చక్రాలు 100 మిల్లీమీటర్లవి, కొత్తవి 110. పాత ఫోర్క్‌లో 110 చక్రం పెట్టి తిప్పు. పైన ఫోర్క్‌కీ చక్రానికీ మధ్య కనీసం మూడు నాలుగు మిల్లీమీటర్ల ఖాళీ లేకపోతే అక్కడితో ఆపెయ్. రాసుకుంటున్నా పరవాలేదు, అరిగి సర్దుకుంటుంది అని నాన్న అంటే వినకు. అది సర్దుకునే చోటు కాదు, దూకి దిగినప్పుడు చక్రం పట్టేసి నిన్ను ముందుకి విసిరేస్తుంది. చక్రం వెడల్పు కూడా ఫోర్క్ కాళ్ల మధ్య పట్టాలి.

పట్టిందనుకో, ఇక నువ్వు కొనాల్సింది ఒక్కటే, ఓవర్‌సైజ్ మామూలు క్లాంప్. రెండు బోల్టులదైనా చాలు. నాలుగు బోల్టులది కొనాలని నీకుంటుంది, అమ్మమ్మ పుట్టినరోజుకి ఇచ్చిన డబ్బులో మిగిలితే కొనుక్కో, కాదనను. పాత ఎస్‌సీఎస్ క్లాంప్ మాత్రం ఇందులో వాడకు.

ఇంకో మాట. ఆ ఫోర్క్‌లో స్టార్ నట్ ఇప్పటికే ఉంది, కిట్‌లోది దాని మీద కొట్టొద్దు. కాకపోతే కిట్ బోల్టు మర దానికి కలవాలి. చేత్తో నాలుగు చుట్లు తిప్పితే తేలిగ్గా దిగాలి, బిగిస్తే గానీ దిగట్లేదంటే అది వేరే సైజు, పాత ఎస్‌సీఎస్ బోల్టు ప్రయత్నించు.

ఫోర్క్ అడుగున బేరింగు కూర్చునే రేస్ రింగు, బేరింగులు, పై మూత కొత్త స్కూటర్‌వే తీసి వేసుకో, పాతవి తుప్పు పట్టి ఉంటాయి. రింగు తిరగేసి వేస్తే బేరింగు సరిగ్గా కూర్చోదు, తీసేటప్పుడే ఫొటో తీసి పెట్టుకో. షిమ్ తొడిగాక ఫోర్క్ గొట్టం అంచు షిమ్ అంచు కన్నా ఒకటి రెండు మిల్లీమీటర్లు కిందికే ఉండాలి. ఇది వేలుపెట్టి చూడు. గొట్టం పైకొచ్చేసి ఉంటే టాప్ క్యాప్ వెళ్లి గొట్టానికి ఆనుతుంది, షిమ్‌ని నొక్కదు, నువ్వెంత తిప్పినా మోత పోదు. అప్పుడు షిమ్ కింద ఒక స్పేసర్ రింగు వెయ్యాలి. గొట్టం మరీ లోతుగా ఉందనుకో, పాత స్కూటర్‌కి సరిపడా మనం కొంత కోశామేమో అనుమానం, నాకు ఫొటో పెట్టు.

బోల్టు మరకి కాస్త గ్రీజు రాసి, బార్ పెట్టకముందే బిగించు. ఫోర్క్ ముందుకీ వెనక్కీ ఊపితే కదలకూడదు, పక్కకి తిప్పితే వెన్నలా తిరగాలి. ఈ రెంటి మధ్య పావు చుట్టు కూడా ఉండదు, నిదానంగా వెతుక్కో. అది కుదిరాకే బార్ దించి, తిన్నగా చూసుకుని, క్లాంప్ బోల్టులు ఒకటి విడిచి ఒకటి కొంచెం కొంచెంగా బిగించు. చక్రం మోకాళ్ల మధ్య పట్టుకుని బార్ తిప్పి చూడు, జారకూడదు. ఆ తర్వాత ముందు చక్రం జానెడెత్తు లేపి వదులు. చక్రం నేలకి కొట్టిన చప్పుడు ఒక్కటే వినపడాలి. రెండో చప్పుడు ఉందంటే ఎక్కడో వదులుంది.

ఇవాళ పొద్దున ఇక్కడ సందు చివర సైకిల్ షాపులో ఒక పెద్దాయన పాత సైకిల్ హ్యాండిల్ సరిచేస్తుంటే నిలబడిపోయాను. పైనున్న బోల్టు నాలుగు చుట్లు వదులు చేసి, సుత్తితో ఒక్కటి తగిలించాడు, లోపలున్న కోను దిగింది, హ్యాండిల్ ఊడొచ్చింది. ఎత్తు సరిచేసి మళ్లీ బిగిస్తే కోను పైకొచ్చి గొట్టాన్ని లోపల్నుంచి విప్పార్చి పట్టేసింది. మీ స్కూటర్లలో బయట్నుంచి పిండుతారు, అక్కడ లోపల్నుంచి తన్నిపెడతారు. ఎస్‌సీఎస్ ఫొటో ఆయనకి చూపించాను. చాలాసేపు చూసి, "ఇంత లావు ఎందుకమ్మా, మనిషిని మొయ్యాలా, బండిని మొయ్యాలా?" అన్నాడు. మా వాళ్లు దీంతో మెట్ల మీంచి దూకుతారండీ అంటే నమ్మలేదు.

చక్రం పట్టకపోతే, బార్ లోపల కొలత తేడా వస్తే, ఏదీ కొనకుండా ఆగు. నేను వచ్చే నెల ఎలాగూ వస్తున్నాను. అప్పటిదాకా ఉన్న ఐహెచ్‌సీ సెట్టే తొక్కు, దానికేం లోటు లేదు. నీకు లావు బార్ మీద మోజు, అంతే. నది ఒడ్డున రివర్‌స్లైడ్ స్కేట్ పార్కుకి వెళ్లేది కొత్తగా బిగించిన రోజు మాత్రం కాదు. ముందు మన ఇంటి ముందు రెండు రోజులు తొక్కి, మళ్లీ ఒకసారి బోల్టులు చూసుకుని అప్పుడు వెళ్లు. హెల్మెట్ సంగతి మళ్లీ చెప్పించుకోకు.

లోపలి కొలత ఎంతొచ్చిందో ముందు నాకు మెసేజ్ పెట్టు, వెర్నియర్ స్కేలు కనపడేలా ఫొటోతో సహా. నువ్వు చెప్పింది నమ్మక కాదు, పోయినసారి నేను చెప్పింది నమ్మి చూశాం కదా. వెర్నియర్ తుడిచి మళ్లీ దాని పెట్టెలోనే పెట్టు, నాన్నకివ్వకు, ఆయన దాంతో పెయింట్ డబ్బా మూత తీస్తారు.

అమ్మ