సియాటిల్ పక్క నుంచి కెప్టెన్‌కి

బెల్‌వ్యూ,
2025 జూన్ 24

ఒరేయ్ కెప్టెన్,

ఇన్నాళ్లూ జవాబు రాయనందుకు ఏమనుకోకురా. ఇక్కడ అందరం బాగున్నాం, పాపకి సెలవులిచ్చారు, అమ్మకి వీసా వచ్చింది, ఆగస్టులో వస్తోంది. మిగతావి ఫోన్లో. ఆదివారం జరిగింది నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు. బాస్కెట్‌బాల్ కోర్టు కోసం ప్రిన్సిపాల్ గది ముందు బైఠాయించినవాడివి, నీకైతే విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇక్కడి పెద్ద బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఫైనల్స్ ఏడో మ్యాచ్. ఓక్లహోమా సిటీ థండర్ 103-91తో ఇండియానాని ఓడించి కప్పు కొట్టేసింది. మా పక్కింటి పెద్దాయన చూద్దాం రమ్మంటే వెళ్లాను. ఆట అయ్యేదాకా మనిషి ఒక్క మాట మాట్లాడలేదు. థండర్ ఓనరు క్లే బెనెట్ కప్పు అందుకోగానే రిమోట్ తీసి సౌండ్ ఆపేశాడు. లోపలికెళ్లి ఒక టికెట్ ముక్క తెచ్చి నా చేతిలో పెట్టాడు. 2008 ఏప్రిల్ 13, సియాటిల్‌లోని కీ అరీనా, డల్లాస్‌తో మ్యాచ్. అంచులు మెత్తబడి గుడ్డలా అయిపోయిందిరా అది. ఆ రోజు సియాటిల్ జట్టు సూపర్‌సోనిక్స్ 99-95తో గెలిచింది. సియాటిల్‌లో వాళ్లకదే ఆఖరి ఆట. అప్పటికి వాళ్ల కుర్రాడు కెవిన్ డురాంట్‌కి 19 ఏళ్లు, అదే మొదటి సీజన్. మన పిల్లాడు పెద్దవాడవుతుంటే చూడకుండా తీసుకుపోయారు అన్నాడు పెద్దాయన.

ఆ సోనిక్సే ఊరు మారి ఈ థండర్ అయింది. లెక్క ప్రకారం ఈ కప్పు ఆ జట్టుకి రెండోది. మొదటిది 1979లో, సియాటిల్ జట్టుగా ఉన్నప్పుడు గెలిచారు. 41 సీజన్లు ఇక్కడ ఆడారు.

ఎలా పోయిందో విను. కీ అరీనాని నగరం అప్పు తెచ్చి బాగుచేయించి 1995లో తెరిచింది. పట్టుమని పన్నెండేళ్లయినా కాకముందే అది చాలదన్నారు. అప్పటి ఓనరు స్టార్‌బక్స్ కాఫీ కంపెనీ హోవార్డ్ షుల్ట్జ్. మరమ్మతులకి 22 కోట్ల డాలర్లు కావాలి, అందులో ఎక్కువ భాగం జనం సొమ్మే పెట్టాలని అడిగాడు. కుదరక 2006లో ఓక్లహోమా సిటీకి చెందిన బెనెట్ బృందానికి 35 కోట్లకి అమ్మేశాడు. ఆ నవంబరులో నగరం ఓటేసింది: క్రీడా జట్ల కోసం పెట్టే ప్రజాధనం మీద కనీసం ప్రభుత్వ ట్రెజరీ బాండు మీద వచ్చేంతైనా తిరిగి రావాలని. 74 శాతం మంది సరేనన్నారు! పక్క ఊరు రెంటన్‌లో 50 కోట్ల డాలర్ల కొత్త అరీనా కావాలని బెనెట్ అడిగితే 2007లో రాష్ట్ర శాసనసభ ఓటింగుదాకా కూడా రానివ్వలేదు. అదే ఏడాది ఓనర్లలో ఒకడైన ఆబ్రీ మెక్‌లెండన్, జట్టుని సియాటిల్‌లో ఉంచడానికి కొనలేదని పేపరు వాళ్లతో అనేశాడు. లీగ్ రెండున్నర లక్షల డాలర్ల జరిమానా వేసింది. వేస్తే ఏం లాభం? కీ అరీనా లీజు 2010 దాకా ఉందని నగరం కోర్టుకెళ్లింది. తీర్పు ఇంకొన్ని గంటల్లో వస్తుందనగా, 2008 జూలై 2న, రాజీ. నగరం వాళ్లు 4.5 కోట్ల డాలర్లు పుచ్చుకుని జట్టుని వదిలేశారు. పేరు, రంగులు మాత్రం ఇక్కడే ఉండిపోయాయి. తీర్పు దాకా ఎందుకు ఆగలేదో... పెద్దాయనకి ఇప్పటికీ మంట అక్కడే.

మీరేమని ఓటేశారని అడిగాను. ఆ 74 శాతంలో ఆయనా ఉన్నాడురా! మళ్లీ అడిగినా అదే వేస్తానన్నాడు. అప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఆయన చేసింది తప్పు కాదని గట్టిగా నమ్ముతున్నాను. ఎన్ని జట్లుండాలో లీగే తేలుస్తుంది. 30 జట్లు, ఆశపడే ఊళ్లు అంతకన్నా ఎక్కువ. అందుకే "ఇవ్వకపోతే పోతాం" అన్న మాటకి అంత బలం. ఓక్లహోమా సిటీ వాళ్లు 2008లోనే అరీనాకి సేల్స్ ట్యాక్స్ కట్టడానికి ఒప్పుకున్నారు. 2023లో ఇంకోసారి ఒప్పుకున్నారు. కనీసం 90 కోట్ల డాలర్ల కొత్త అరీనా, అందులో జట్టు పెట్టేది 5 కోట్లు! మన ఊళ్లో ఇలా అడిగితే మన రెడ్ స్కూటర్ మాస్టారు ఏమనేవారో నీకు తెలుసు.

అయినా సియాటిల్ వాళ్లు కూడా... 2013లో శాక్రమెంటో ఊరి జట్టు కింగ్స్‌ని ఇక్కడికి తేవాలని చూశారు. లీగ్‌లోని జట్ల ఓనర్లు 22-8తో కాదన్నారు. మన ముంబైలో పుట్టిన వివేక్ రణదివే కొనడంతో జట్టు అక్కడే ఉండిపోయింది. కానీ ఆ ఊరు కొత్త అరీనాకి 25 కోట్లకి పైగా పెట్టాల్సొచ్చింది. ఆ జట్టు రాకపోతే బాగుండునని లోపల కోరుకున్నానన్నాడు పెద్దాయన. ఇంకో ఊరి పిల్లలు ఏడవడం చూడలేనట్ట.

ఇంకో సంగతి. అదే కీ అరీనాని, పాత పైకప్పు అలాగే నిలబెట్టి, కింద మొత్తం తవ్వి మళ్లీ కట్టారు. వంద కోట్ల డాలర్ల పైమాటే, దాదాపు అంతా ప్రైవేటు డబ్బే. 2021లో తెరిచారు. మరి అప్పుడు జనం సొమ్ము లేనిదే కాదన్నారే? నాకు కోపం వచ్చేది ఇక్కడే కెప్టెన్.

జట్లు పెంచే సంగతి వచ్చే నెల ఓనర్ల మీటింగులో చర్చిస్తామని లీగ్ కమిషనర్ ఆడమ్ సిల్వర్ అన్నాడు. సియాటిల్‌కి జట్టు వస్తే మొదటి మ్యాచ్‌కి పెద్దాయన్ని నేనే తీసుకెళ్తాను, నువ్వు కూడా టికెట్ బుక్ చేసుకుని... ఉండు, పాపని స్విమ్మింగ్‌కి దింపాలి, కింద హారన్ కొడుతున్నారు. పోస్టులో వేసేస్తున్నా.

నీ
పాయింట్ గార్డ్