పదకొండు నెలల అగ్రిమెంటు, పసిపిల్లల ఆరోగ్యం

సంపాదకుడు గారికి నమస్కారం.

బెంగళూరులో అద్దెలు మండిపోతున్నాయని రోజూ చదువుతున్నాం. ఆ అద్దెలు కట్టలేక తట్టాబుట్టా సర్దుకునే ఇళ్లలో పసిపిల్లల ఒంటికి ఏమవుతోందో మాత్రం ఎవరూ రాయడం లేదు. మారతహళ్లి, కె.ఆర్.పురం, వైట్‌ఫీల్డ్ వైపు అద్దెకుండే మన రాయలసీమ కుటుంబాలకు ఇది ఇంటింటి బాధ. అగ్రిమెంటు ఏడాది దాటితే రిజిస్టర్ చేయించాలి కాబట్టి అందరూ 11 నెలలకే రాసుకుంటారు. గడువు దగ్గరపడగానే అద్దె పెంచమంటారు, లేదంటే మా అబ్బాయి వస్తున్నాడు, ఖాళీ చేయండంటారు.

ఇక్కడో పద్ధతి ఉంది. వెళ్లేవాళ్ల అడ్వాన్సులో పెయింటింగ్ కింద ఒక నెల అద్దె పట్టుకుని, కొత్తవాళ్లు దిగేముందు రంగులు వేయిస్తారు. పాత ఇంటి తాళం ఇచ్చేయాలి కదా, ఆ ఘాటు పోకముందే పిల్లలతో దిగాల్సిందే. మా పాపకు దిగిన రాత్రే దగ్గు పట్టుకుంది. తెల్లారేసరికి పిల్లికూతలు, ఊపిరికి డొక్కలు ఎగరేస్తోంది. నెబులైజర్ ఏ అట్టపెట్టెలో ఉందో తెలియదు. కొత్త డాక్టరమ్మ ఇంతకుముందు ఏం వాడారని అడిగితే, ఆ ఫైలూ దొరకలేదు. ఆయాసం తగ్గాక కూడా చాలా రోజులు నిద్రలో ఉలిక్కిపడి లేచి, 'మనింటికి పోదాం' అని ఏడ్చేది. కావేరి నీళ్ల ఇంటి నుంచి ట్యాంకర్ నీళ్ల ఇంటికి మారితే దద్దుర్లు, విరేచనాలు సరేసరి.

టీకాల సంగతి ఇంకా భయం. తట్టు-రుబెల్లా రెండో డోసు, డీపీటీ బూస్టర్ 16 నుంచి 24 నెలల మధ్య వేయించాలి. ఆలోపు ఇల్లు మారితే పాత వీధి ఆశా కార్యకర్తకు మనం కనిపించం, కొత్త వీధి ఆమెకు మనం వచ్చినట్టే తెలియదు. ఉద్యోగస్తులం కనీసం డబ్బు పెట్టి ప్రైవేటులో వేయిస్తాం. అపార్ట్‌మెంట్ పని అయిపోగానే షెడ్డు పీకేసుకుని మరో సైటుకు వెళ్లే కూలీల బిడ్డలకు అంగన్‌వాడీ గుడ్డు, నెలనెలా బరువు చూడటం కూడా అక్కడితో ఆగిపోతాయి.

మూడేళ్లలోపు పిల్లలున్న 22 వేలకు పైగా కుటుంబాలపై అమెరికాలో చేసిన అధ్యయనం 2011లో అచ్చయింది. ఏడాదిలో రెండు, అంతకంటే ఎక్కువసార్లు ఇల్లు మారిన కుటుంబాల పిల్లల్లో ఆరోగ్యం బాగాలేకపోవడం, బరువు తక్కువగా ఉండటం, ఎదుగుదల వెనకబడే ప్రమాదం ఎక్కువగా కనిపించాయి. అక్కడే అలా ఉంటే మన కూలీల షెడ్లలో ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం ప్రకారం ఇంటి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదు. ఇక్కడ అయిదు నుంచి పది నెలలది అడుగుతున్నారు. పాత ఓనరు అడ్వాన్సు తిరిగిచ్చేదాకా చేతిలో డబ్బుండదు, అందుకే చెమ్మ గోడలైనా సరే అని దిగిపోతాం. అది రాష్ట్రాలకు నమూనా మాత్రమే కాబట్టి, కర్ణాటక ప్రభుత్వం ఈ పరిమితిని చట్టంగా తెచ్చి గట్టిగా అమలు చేయాలి. అయిదేళ్లలోపు పిల్లలున్న ఇళ్లకు కనీసం రెండేళ్ల అగ్రిమెంటు, నామమాత్రపు ఫీజుతో రిజిస్ట్రేషన్ ఇవ్వాలి. వలస కుటుంబం పేరును ఒక అంగన్‌వాడీ నుంచి మరోదానికి మార్చే వీలు అంగన్‌వాడీ కార్యకర్తలు వాడే పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఉంది. కానీ సైటు దగ్గరికి వచ్చి ఆ పేరు రాసుకునే మనిషి కావాలి. షెడ్లున్న ప్రతి సైటుకూ నెలకోసారి ఆరోగ్య కార్యకర్తను పంపే బాధ్యత నగరపాలక అధికారులు తీసుకోవాలి. ఇళ్ల ఓనర్లకూ ఒక విన్నపం: పసిబిడ్డ దిగే ఇంటికి రంగులు వేయిస్తే, వారం పది రోజులు కిటికీలు తెరిచి ఆరనిచ్చాకే తాళం చేతికివ్వండి.

— ఒక పాఠకురాలు, కె.ఆర్.పురం, బెంగళూరు