కార్డు పంపిస్తున్నా, టైటర్ మాత్రం చేయించుకో

తిరుపతి

పాపా,

ఫోన్లో మాట్లాడితే హాస్టల్లో పక్క మంచాల పిల్లలు వింటారని ఉత్తరం రాస్తున్నా. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో హెపటైటిస్ బి టీకా వేయించుకున్నట్టు కాగితం అడిగారన్నావు. "చిన్నప్పుడే అన్ని డోసులూ పడ్డాయి కదమ్మా, కార్డు జిరాక్స్ పంపితే అయిపోతుంది" అన్నావు. పంపిస్తున్నా. కాలేజీకి అది సరిపోవచ్చు, నీకు సరిపోదు. టైటర్ చేయించుకోవాలి, అంటే ఆ టీకా యాంటీబాడీలు రక్తంలో ఎన్ని ఉన్నాయో చూసే పరీక్ష.

ఆ సూదులు పడేటప్పటికి నువ్వు నెలల పిల్లవి. హెచ్ఐవీకి వాడే ఏఆర్టీ మందులు మొదలైంది ఆరో ఏట. అన్నేళ్లూ వైరస్ నీ ఒంట్లో జబ్బులతో పోరాడే సీడీ4 కణాలను తింటూనే ఉంది. టీకా అంటే ఆ కణాలకు పాఠం చెప్పడమే అనుకో. నీకు చెప్పినప్పుడు క్లాసులో పిల్లలు సరిగ్గా లేరు, విన్నవాళ్లలోనూ చాలామంది తర్వాత వెళ్లిపోయారు. మందులతో సీడీ4 పెరిగింది, వైరల్ లోడు, అంటే రక్తంలో వైరస్ లెక్క, పరీక్షలో కనబడకుండా పోయింది. కొత్తగా వచ్చినవాళ్లకు మాత్రం పాత పాఠం తెలీదు. నీలాంటి పిల్లలకు మందులు కుదురుకున్నాక తట్టు టీకా మళ్లీ వేయమనేది అందుకే. అది బతికున్న వైరస్‌తో చేసే టీకా కాబట్టి సీడీ4 లెక్క 200 దాటి ఉందో లేదో చూసే వేస్తారు. హెపటైటిస్ బికి ఆ భయం లేదు.

కొర్లగుంట పిన్నమ్మ "ఒకసారి వేస్తే జన్మంతా ఉంటుంది" అంటుంది. ఆమెకైతే ఉండొచ్చు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు రక్తంలో యాంటీబాడీలు తగ్గినా, జబ్బు తగిలినప్పుడు లోపలి జ్ఞాపకం లేచి కాపాడుతుంది. మనలాంటివాళ్లకు ఆ జ్ఞాపకాన్ని నమ్ముకోలేం, అంకె చూసుకోవాలి. ఆ టైటర్ (రిపోర్టులో యాంటీ హెచ్‌బీఎస్ అని ఉంటుంది) 10 కంటే తక్కువ వస్తే కోర్సు మళ్లీ మొదటి నుంచి. హెచ్ఐవీ ఉన్నవాళ్లకు రెట్టింపు డోసు, మొదటి రోజు, తర్వాత 1, 2, 6 నెలలకు వేసే పద్ధతి ఉంది. నీకు ఏది సరిపోతుందో డాక్టరే చెప్తారు. ఆఖరి డోసు అయిన ఒకటి రెండు నెలలకు మళ్లీ టైటర్ చూడాలి. అప్పుడు బాగుందని వదిలేయకూడదు, మనవాళ్లలో త్వరగా పడిపోతుంది. రోజూ రక్తంతో పనిచేసేదానివి, ఏటా ఒకసారి చూపించుకో, తగ్గితే బూస్టర్. సూదిపోటుతో హెపటైటిస్ బి, హెచ్ఐవీ కంటే చాలా తేలిగ్గా అంటుకుంటుంది.

నువ్వు వేసుకునే టాబ్లెట్లో టెనోఫోవిర్, లామివుడిన్ ఉన్నాయి. అవి హెపటైటిస్ బి మీద కూడా పనిచేస్తాయి. అది కొంత ధైర్యమే గానీ టీకా బదులు కాదు. రేపు మందు మారిస్తే ఆ ధైర్యమూ ఉండకపోవచ్చు.

డోసు ఎందుకు ఎక్కువని కాలేజీలో ఎవరైనా అడిగితే "డాక్టర్ రాశారు" అను, చాలు. 2017 హెచ్ఐవీ చట్టం ప్రకారం నీ సంగతి చెప్పమని నిన్ను బలవంతపెట్టే హక్కు వాళ్లకు లేదు. నువ్వు దాక్కోవాలని కాదు, ఎవరికి చెప్పాలో నీ ఇష్టం.

ఈసారి మందులకు వచ్చినప్పుడు ఏఆర్టీ సెంటర్లో డాక్టరమ్మను అడిగి టైటర్ రాయించుకుందాం. దానికి పరగడుపు అక్కర్లేదు, టిఫిన్ తినే వెళ్దాం. పాత సీడీ4 రిపోర్టులు నీ దగ్గరే ఉన్నాయి, బ్యాగులో పెట్టుకోవడం మర్చిపోకు.

మీ అమ్మ